నేల ఎవరిది?

బరంపురంలో పాతకాలపు తెలుగిళ్ళు చూచినవారికి నేను చెప్పబోయే ఇల్లు వర్ణించి చెప్పనక్కరలేదు. వీధి వైపు వెడల్పు పది అడుగులకు మించదు. లోపలికి పోతే రైలుపెట్టె మాదిరిగా గది వెనుక గది, నడుమ చిన్న వాకిలి, చివర నుయ్యి, ఆ వెనుక సందు. ఇరుప్రక్కల గోడలు పొరుగువారితో ఉమ్మడి. మా తాతగారు కట్టిన ఇల్లు అటువంటిది. మా నాన్నగారు అందులో పుట్టారు, నేనూ అందులోనే పుట్టాను. ఆ ఇంటి గోడలోని ప్రతి గూడూ మాకు తెలుసును గాని, ఇంటి క్రింది నేల మాది కాదన్న సంగతి మాత్రం మా అన్నదమ్ములలో ఒకరిద్దరికి తప్ప తెలియదు.

నేల దేవుడిది. వీధి కొసనున్న గుడి మాన్యం. తాతగారు ధర్మకర్తల దగ్గర ఆ స్థలం పుచ్చుకొని, ఏటేటా స్థలపు అద్దె కట్టే ఒప్పందం మీద ఇల్లు కట్టుకొన్నారు. దస్తావేజు తెలుగులోనే ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మదరాసు రాజధానిలోనిదే గదా!

మా నాన్నగారికి ఒక నియమం ఉండేది. సంక్రాంతి వెళ్ళిన వారం లోపల ఒకనాడు తలంటుకొని గుడికి వెళ్ళి, ఆ ఏటి అద్దె చెల్లించి, రసీదు తెచ్చి, ట్రంకుపెట్టెలో ఉన్న దారానికి గుచ్చేవారు. అద్దె ఎంతనుకొన్నారు? మూడు రూపాయలు! "మూడు రూపాయలకు ఇంత తతంగమా, నాన్నగారూ?" అని నేను నవ్వేవాణ్ణి. "అది అద్దె కాదురా, మన ఇంటికి సాక్ష్యం" అనేవారు.

1981లో నాన్నగారు కాలం చేశారు. పెద్దన్నయ్య విశాఖపట్నంలో, చిన్నన్నయ్య జంషెడ్‌పూర్‌లో ఉద్యోగాలు. ఊళ్ళో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. హైస్కూలులో పిల్లలకు లెక్కలు చెప్పుకొనే నేను, ఏడాదికి మూడు రూపాయల లెక్క మరచిపోయాను. ఒక ఏడు మరచిపోతే రెండో ఏడు సిగ్గు, మూడో ఏడు బద్ధకం. అలాగే ఇరవై ఎనిమిదేళ్ళు గడిచిపోయినవి.

2009లో ఇల్లు అమ్మి పంచుకొందామని ముగ్గురం అనుకొన్నాము. కొనవచ్చిన పెద్దమనిషి ఇల్లంతా చూచి మెచ్చుకొని, అరుగుమీద కూర్చొని, మజ్జిగ పుచ్చుకొని, "అంతా బాగుంది గాని, నేల కాగితం ఏదండీ?" అన్నాడు. అప్పుడు తీశాము ట్రంకుపెట్టె. గుడి నేల విక్రయించాలన్నా, దీర్ఘకాలం లీజుకు ఇవ్వాలన్నా దేవాదాయ కమిషనరు అనుమతి ఉండి తీరాలని 1951 నాటి ఒడిశా హిందూ మత ధర్మాదాయ చట్టం చెప్తున్నది. బకాయి, దానిమీద వడ్డీ, అర్జీలు, విచారణలు, మళ్ళీ అర్జీలు. నాలుగేళ్ళు తిరిగాము. మాకు దిక్కయినది 1981తో ఆగిపోయిన ఆ రసీదుల దండ ఒక్కటే. చివరకు పని అయినది గాని, అప్పటికి కొనేవాడు ఇచ్చిన ధర పొరుగింటి ధరలో సగం. పెద్దన్నయ్య నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. "ఊళ్ళో ఉండి మూడు రూపాయలు కట్టలేకపోయావా?" అన్న ఆయన మాటకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

ఇంటి గొడవ పదిమందికి చెప్పుకోవటం నాకు సరదా కాదు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, ఈ రోజులలో మన పిల్లలు ఊరూరా ఫ్లాట్లు కొంటున్నారు. వాటిలో చాలావాటి క్రింది నేల లీజు నేల. "అదేదో కొత్త సంగతి, పట్నాల సంగతి" అని మనవాళ్ళు అనుకొంటారు. కొత్తదేమీ కాదు. మన తాతలు చేసిన పనే. తాతగారికి తెలిసి చేశారు, మనం తెలియక చేస్తున్నాము. అంతే భేదం.

ఇక అసలు కథకు వస్తాను.

2024 వేసవిలో భువనేశ్వర్‌లో ఉన్న నా చిన్నకూతురు ఫోను చేసింది. "నాన్నా, ఫ్లాటు చూశాం. మూడు గదులు, తూర్పు ముఖం, పాప బడికి దగ్గర. ధర కూడా తక్కువ. నువ్వూ అమ్మా ఒకసారి వచ్చి చూడండి" అన్నది. రైలెక్కి వెళ్ళాము. ఫ్లాటు నిజంగానే బాగున్నది. అమ్మేవాడు మర్యాదస్తుడు. మా ఆవిడ వంటింటి కిటికీ తెరచి చూచి, "గాలి బాగా వస్తోందండీ" అన్నది. ఆ మాటతో అందరి మనస్సులూ మెత్తబడినవి. అల్లుడు లక్ష రూపాయలు బయానా ఇచ్చాడు. చేతిరాత కాగితం మీద సాక్షి సంతకం నేనే పెట్టాను. పాతింటి భాగంలో నాకు వచ్చిన సొమ్ము అమ్మాయికే ఇవ్వాలని మేము ముందే అనుకొని ఉన్నాము.

బరంపురం తిరిగి వచ్చిన తరువాత, కాగితాల నకళ్ళు పట్టుకొని కోర్టుపేటలో ఉన్న ఒక వకీలు దగ్గరకు వెళ్ళాను. ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చదువుకొన్నవాడు. అతడు కళ్ళద్దాలు సవరించుకొని మొదట అడిగిన ప్రశ్న ఇది:

"మేష్టారూ, ఈ నేల ఎవరిదండీ?"

నాకు గుండె జల్లుమన్నది. పదిహేనేళ్ళనాడు మా అరుగుమీద కూర్చొని ఆ పెద్దమనిషి అడిగినదీ ఇదే గదా!

భువనేశ్వర్ రాజధానికి 1948 ఏప్రిల్ 13న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆ కొత్త రాజధానిలో చాలా భాగం ప్రభుత్వపు నేల. జనరల్ అడ్మినిస్ట్రేషన్ శాఖ అజమాయిషీలో ఉన్న ఆ నేలను ఇళ్ళకు, సంస్థలకు ఎక్కువగా లీజు మీదనే ఇస్తూ వచ్చారు. లీజు అంటే ఏమిటో మన పిల్లలకు ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: ఇంత సొమ్ము పుచ్చుకొని, ఇన్నేళ్ళపాటు, ఈ షరతుల మీద, ఈ నేలను అనుభవించమని యజమాని ఇచ్చిన హక్కు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో దీని నిర్వచనం ఉన్నది. గడువు తీరితే లీజు తీరుతుంది. గట్టి షరతు తప్పితే గడువుకు ముందే రద్దు చేసే వీలు కూడా యజమాని వ్రాసుకోవచ్చు. మన చేతికి వచ్చేది ఆ హక్కే గాని నేల కాదు.

మా వకీలు శిష్యుడు లీజు కాగితం మొదటి పుట తిరగవేసి, "1978 మొదలు 90 ఏళ్ళు" అని చదివి, నా వంక చూచి ఊరుకొన్నాడు. లెక్కల మేష్టారుకు లెక్క చెప్పనక్కరలేదనుకొన్నాడు కాబోలు. 2068తో గడువు తీరుతుంది. అప్పటికి నా కూతురికి 75 ఏళ్ళు వస్తవి. ఇప్పుడు మూడేళ్ళ పిల్ల అయిన నా మనుమరాలికి 47. అంటే నా కూతురు ముసలితనంలో తల దాచుకోవలసిన నాటికి, ఆ ఇంటి గతి ఆనాటి అధికారి కలం మీద ఆధారపడి ఉంటుంది. "పొడిగించరా ఏమిటి, నాయనా?" అన్నాను. "పొడిగిస్తారేమో. పొడిగించే హక్కు మనకు ఉన్నట్లు వ్రాశారా, పొడిగించవచ్చునని మాత్రమే వ్రాశారా, అది చూడాలండి" అన్నాడు. చూస్తే "పొడిగించవచ్చును" అనే ఉన్నది. ఎంత సొమ్ము కట్టాలో ఆనాటి యజమాని ఇష్టమట.

పాఠకులు గమనించవలసిన మొదటి సంగతి ఇదే. లీజు ఎంతకాలానికి వ్రాశారని గాక, ఇంక ఎంతకాలం మిగిలిందని అడగాలి. ఫ్లాటు కట్టిన ఏడు వేరు, లీజు మొదలైన ఏడు వేరు. కొత్త రంగులు వేసిన కట్టడం క్రింద పాతబడ్డ లీజు ఉండవచ్చును. బ్యాంకులు కూడా తమ అప్పు తీరేనాటికి లీజులో ఇంకా ఎన్నేళ్ళు మిగులుతుందో చూచుకొంటవి. ఇరవై ఏళ్ళకు అప్పు ఇచ్చేవాడే ఇంత చూస్తుంటే, జీవితమంతా ఉండదలచినవారు మరింత చూడవద్దా?

రెండో పుటకు వచ్చేసరికి అసలు ముప్పు బయటపడ్డది. యజమాని ముందస్తు అనుమతి లేనిదే హక్కు బదలాయించగూడదని షరతు. మొదట ఫ్లాటు పొందినాయన అనుమతి తీసికోలేదు, రిజిస్ట్రీ చెయ్యలేదు. మా మర్యాదస్తుడికి ఒక జనరల్ పవరాఫ్ అటార్నీ వ్రాసి ఇచ్చి, సొమ్ము పుచ్చుకొని వెళ్ళిపోయాడు. ఇతడు ఆ పవరు పట్టుకొని మాకు అమ్మజూపుతున్నాడు. పవరాఫ్ అటార్నీ మీద అమ్మకం చేసినంత మాత్రాన ఆస్తి హక్కు రాదని 2011లోనే సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. పవరు ఇచ్చినాయన బ్రతికి ఉన్నాడో లేదో కూడా మాకు తెలియదు. మామూలుగా అయితే, ఇచ్చినవాడు పోతే పవరూ పోతుంది. ధర ఎందుకు తక్కువో అప్పుడు బోధపడ్డది.

మూడోది స్థలపు అద్దె. అవునండీ, అదే! మా ఇంటి పాత శని. ఆ కట్టడం మొత్తానికి ఎన్నో ఏళ్ళుగా అద్దె బకాయి పడి ఉన్నది. ఫ్లాటువాళ్ళు సంఘంవారు కడతారనుకొన్నారు. సంఘంవారు బిల్డరు కడతాడనుకొన్నారు. బిల్డరు ఏనాడో వేరే పనిలో పడిపోయాడు. ఇటువంటి చోట యజమాని నోటీసు ఇస్తే, అది ఒక్క ఫ్లాటుకు ఇచ్చేది కాదు, అందరి నెత్తినా పడుతుంది. మన వంతు మనం కట్టి రసీదు దాచుకొన్నా, పొరుగువారు కట్టకపోతే నేల క్షేమంగా ఉండదు. అందుచేత అద్దె ఎంత, ఎన్నేళ్ళకొకసారి పెరుగుతుంది, ఎంత చొప్పున పెరుగుతుంది, ఎవరు కడుతున్నారు, చివరి రసీదు ఏ తేదీది అన్న ఐదు ప్రశ్నలూ వేసి, రసీదు కంటితో చూచి గాని అడుగు ముందుకు వెయ్యరాదు.

ఇంటికి వచ్చి మా ఆవిడతో అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "అప్పుడు మీరు కట్టలేదు. ఇప్పుడు మీరు చదవలేదు. అమ్మాయికి మీరే ఫోను చెయ్యండి, అల్లుడిగారిచేత చెప్పించకండి" అన్నది. చేశాను. అమ్మాయి ఏడ్చింది. అల్లుడు మంచివాడు గనుక, "పోనీండి మావయ్యగారూ, లక్షతో పోయింది" అన్నాడు. లక్షలో అరవైవేలు నాలుగు విడతలుగా తిరిగి వచ్చినవి. తక్కినవి రాలేదు. చేతిరాత కాగితంలో తిరిగి ఇచ్చే షరతు మేము వ్రాయించనే లేదు. ఆ కాగితం క్రింద సాక్షిని నేనే!

తరువాత ఏడాదిపాటు నేనూ అల్లుడూ కలిసి నేర్చుకొన్న సంగతులు కొన్ని మీ ముందు పెడతాను. నేను వకీలును కాను. మీ కాగితాలు మీరు వకీలుకు చూపించుకోవాలి. బ్యాంకువారి వకీలు చూశాడు గదా అని ఊరుకోవద్దు. అతడు చూచేది బ్యాంకు సొమ్ము క్షేమాన్ని, మీ ముసలితనాన్ని కాదు.

లీజు దస్తావేజు నకలును అమ్మేవాడి దగ్గర గాక రిజిస్ట్రారు కచేరీ నుండి తీయించుకోవాలి. ఏడాదికి మించిన లీజు రిజిస్ట్రీ కావాలని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, అంటే మన ఇ.సి., ముప్పై ఏళ్ళకు తీయించాలి. అయితే ఇ.సి.లో రిజిస్ట్రీ అయిన వ్యవహారాలే కనిపిస్తవి. అద్దె బకాయి, కోర్టు తగాదా, రిజిస్ట్రీ కాని ఒప్పందాలు అందులో కనిపించవు. ఇ.సి. ఖాళీగా ఉన్నదని సంతోషించటం, నాడి కొట్టుకొంటున్నది గనుక జబ్బే లేదనుకోవటం వంటిది.

లీజు ఏ పని కోసం ఇచ్చారో చూడాలి. నివాసానికని ఇచ్చిన నేలమీద క్రింది అంతస్తులో దుకాణాలు పెట్టి ఉంటే, ఆ తప్పు మనం చెయ్యకపోయినా మన గుమ్మం దాకా వస్తుంది. బదలాయింపుకు అనుమతి ఎవరు ఇస్తారు, రుసుము ఎంత, పెరిగిన విలువలో యజమాని వాటా అడుగుతాడా, బ్యాంకుకు తనఖా పెట్టటానికి వేరే అనుమతి కావాలా అన్నవి ముందే తేల్చుకోవాలి. అనుమతి "వస్తుందండీ, ఏం ఫరవాలేదు" అంటే, వచ్చిన తరువాతనే సొమ్ము ఇస్తామని చెప్పాలి.

"తరువాత ఫ్రీహోల్డు చేసికోవచ్చు" అని అమ్మేవారందరూ అంటారు. భువనేశ్వర్‌లో నివాసపు లీజు స్థలాలను రుసుము కట్టి ఫ్రీహోల్డుగా మార్పించుకొనే వీలు ప్రభుత్వం కల్పించిన మాట నిజమే. కాని సొంత స్థలంలో సొంత ఇల్లున్నవాడి సంగతి వేరు. ఒకే నేలమీద నలభై కుటుంబాలు ఉన్నచోట ఒక్కడు మార్పించుకోగలడా, అందరూ కలిసి రావాలా అన్నది ఆ లీజును బట్టి, ఆ శాఖ నియమాలను బట్టి ఉంటుంది. నోటిమాట మీద దానికి ధర కట్టరాదు.

కొత్తగా కడుతున్న ఫ్లాటు అయితే 2016 నాటి రెరా చట్టం మనకు అండ. ఆ చట్టంలో కొనుగోలుదారు నిర్వచనంలోనే, ఫ్రీహోల్డుగా అమ్మినా లీజుహోల్డుగా అమ్మినా వర్తిస్తుందని వ్రాశారు. కనుక లీజు నేల గదా అని బిల్డరు తప్పించుకొనే వీలు లేదు. రిజిస్ట్రీ అయిన ఒప్పందం లేకుండా ధరలో నూటికి పదికి మించి పుచ్చుకోరాదు. ఒప్పుకొన్న నాటికి ఇల్లు ఇవ్వకపోతే, వద్దనుకొన్నవారికి వడ్డీతో సొమ్ము తిరిగి ఇవ్వాలి. స్వాధీనం చేసిన ఐదేళ్ళలో కట్టడంలో లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి. ధరను కార్పెట్ ఏరియా మీద, అనగా గోడల లోపల మనం వాడుకొనే నేల మీద లెక్కవేసి చూచుకోవాలి. బాల్కనీ అందులో చేరదు. ఒడిశా రెరా వారి జాబితాలో ఆ కట్టడం పేరు ఉన్నదో లేదో ఫోనులోనే చూడవచ్చును. కాని ఒక మాట. మావంటివారు ఒక గృహస్థు దగ్గర పాత ఫ్లాటు కొనేటప్పుడు ఈ రక్షణలన్నీ ఆ అమ్మకందారు మీద వర్తించవు. అక్కడ మన కళ్ళే మనకు రెరా.

ఇక బరంపురంలోనే కొనదలచినవారికి. అంబపువా వైపు, లంజిపల్లి వైపు, గోపాలపురం దారిలో ఎన్నో కొత్త కట్టడాలు లేస్తున్నవి. ఇక్కడ చాలావరకు రైతుల దగ్గర కొన్న సొంత నేలలే. అంతమాత్రాన "నేల ఎవరిది" అన్న ప్రశ్న తప్పదు. మన గంజాం కాగితాలలో రెండు పరిపాలనల మాటలు కలిసి ఉంటవి. పట్టా, ఇనాము, పరంబోకు, గ్రామకంఠం మదరాసు నాటివి. ఖతియాను, కిసం, స్థితిబాను, ఖజణా ఒడిశావి. భూలేఖ్‌లో ఖాతా నంబరు కొట్టి చూస్తే, పైన యజమాని పేరు, రైతు పేరు, హక్కు ఏ రకమో, నేల ఏ తరగతిదో కనిపిస్తవి. "స్థితిబాను" అని ఉంటే స్థిరమైన హక్కు. "ఘరబారి" అని ఉంటే ఇళ్ళ నేల. "శారద" అని ఉంటే అది వరిపొలం. 1960 నాటి భూసంస్కరణల చట్టం క్రింద దానిని ఇళ్ళ నేలగా మార్పించారా అని అడగాలి. షెడ్యూల్డు కులం వారి నేల ఇతరులకు అమ్మటానికి రెవెన్యూ అధికారి అనుమతి ఉండాలన్నదీ ఆ చట్టమే. "గ్రామకంఠ పరంబోకు" అని ఉన్నచోట తరతరాలుగా ఇళ్ళున్నా నేల ప్రభుత్వం పేరనే ఉంటుంది. అటువంటి ఇళ్ళవారికి హక్కు స్థిరపరచటానికి 1962 నాటి ప్రభుత్వ భూముల సెటిల్‌మెంటు చట్టానికి తరువాత సవరణలు తెచ్చారు. ఆ స్థిరపరచటం జరిగిందో లేదో కాగితం చూడాలి. బరంపురం డెవలప్‌మెంటు అథారిటీ మంజూరు చేసిన ప్లానులో ఎన్ని అంతస్తులున్నవో కట్టడంలోనూ అన్నే ఉన్నవా అని లెక్కపెట్టటానికి వకీలు అక్కరలేదు. నివాసయోగ్య ధృవపత్రం లేని కట్టడంలో పాలు పొంగించవద్దు.

మన తీరంవారికి మరొకటి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మనం ఎలా గడిపామో ఎవరూ మరచిపోలేదు. మేడమీది నీటి తొట్లు ఎగిరిపోతే, లిఫ్టు పాడైతే, పైకప్పు కారితే ఎవరు బాగుచెయ్యాలి? సంఘం ఉన్నదా, దానికి నిధి ఉన్నదా, భీమా ఉన్నదా? అపార్టుమెంట్ల యాజమాన్యానికి, నిర్వహణకు ఒడిశాలో 2023లో కొత్త చట్టం వచ్చింది. సంఘం పుస్తకాలు చూపించమని అడగటం తప్పు కాదు. చూపించనివారి మధ్యకు కాపురానికి పోవటమే తప్పు. అలాగే వేసవిలో ఒకసారి వెళ్ళి కుళాయి త్రిప్పి చూడండి. బరంపురంవారికి నీళ్ళ సంగతి నేను చెప్పనక్కరలేదు.

లీజు అనగానే భయపడవలసినది ఏమీ లేదు. సింగపూరులో ప్రభుత్వ గృహాలు చాలావరకు 99 ఏళ్ళ లీజులే. నోయిడాలో 90 ఏళ్ళ లీజుల మీద మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఇంగ్లండులో ఫ్లాట్లు చాలావరకు లీజువే. స్థలపు అద్దెలు భారమై జనం మొరపెట్టుకోగా, 2022 జూన్ 30 తరువాత వ్రాసే కొత్త నివాస లీజులలో చాలావాటికి అద్దెను నామమాత్రం చేశారు. ఎక్కడైనా ప్రశ్నలు ఇవే. ఎవరి నేల? ఎన్నేళ్ళు మిగిలినవి? అద్దె ఎంత? ఎవరి అనుమతి? గడువు తీరితే ఏమిటి?

మా అమ్మాయివాళ్ళు 2025లో ఫ్లాటు కొన్నారు. అదీ భువనేశ్వర్‌లోనే, అదీ లీజు నేలమీదనే. 2008 మొదలు 90 ఏళ్ళు. బదలాయింపు అనుమతి కాగితం చేతికి వచ్చిన తరువాతనే సొమ్ము ఇచ్చాము. అద్దె రసీదులు ఏడు వరుసగా చూపించారు. మొదట చూచినదానికన్న ఒక గది తక్కువ, వంటింటి కిటికీకి అంత గాలీ రాదు. మా ఆవిడ ఆ మాట అననే అన్నది. "గాలి సంగతి ఫ్యాను చూచుకొంటుందిలే" అన్నాను.

గృహప్రవేశం నాడు నేను బరంపురం నుండి ట్రంకుపెట్టె పట్టుకొనిపోయాను. "ఈ ఇనుప పెట్టె ఎక్కడ పెట్టుకోను నాన్నా?" అని అమ్మాయి నవ్వింది. నాన్నగారి రసీదుల దండ తీసి చూపించి, చివరి రసీదు మీది తేదీ చదవమన్నాను. 1981 జనవరి. ఆ తరువాత ఎందుకు లేవో, పెద్దనాన్న రెండేళ్ళు మనింటికి ఎందుకు రాలేదో అప్పుడు మొదటిసారిగా చెప్పాను. ఇన్నాళ్ళూ నా పిల్లలకు చెప్పుకోలేదు.

అమ్మాయి ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, ఆ నెలలోనే తాను కట్టిన స్థలపు అద్దె రసీదు తెచ్చింది. ఈ కాలపు రసీదు గనుక కంప్యూటరు కాగితం. దారం అడిగి, తాతగారి రసీదుల వెనుక దానిని గుచ్చి, పెట్టె మూసింది.